స్లాబు నాటి భోజనం

నా భార్య చేయించిన గుమ్మాన్ని నా అల్లుడు వాళ్ల కొత్త ఇంటి బడ్జెట్‌లోంచి కొట్టేశాడు. కొట్టేసి, కూలీల భోజనం ఉంచాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ గీత గురువారం సాయంత్రం పడింది. శుక్రవారం పొద్దున నేను కాఫీ ముట్టుకోలేదు. గ్లాసులో మీగడ కట్టింది. మా ఇంట్లో వంట చేసే అప్పయమ్మ వచ్చి గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది.

"గొడవ మీకూ మీ అల్లుడు బాబుకీ అయితే మద్దిన నా కాఫీ ఏటి సేసిందండీ?" అంది.

నేను పేపరు తిప్పాను.

"ఆ పేపరు నిన్నటిదండి," అని గ్లాసు పట్టుకుపోయింది.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. దాని ముందు నా కూతురు దీనా కూర్చుని ఉంది. అల్లుడు కిరణ్ బాబు పెరట్లో పంపు మోటారు విప్పుకున్నాడు. ఆ మోటారు పాడవలేదు. నా ఎదురుగా కూర్చోకుండా ఉండటానికి అతనికి ఒక పని కావాలి. అతను ఎలక్ట్రీషియన్. పని వెతుక్కోవడం అతనికి తేలిక.

వాళ్లిద్దరూ న్యూజిలాండ్‌లో ఉంటారు. దీనా అక్కడ ఆసుపత్రిలో నర్సు. హామిల్టన్ అనే ఊరి చివర స్థలం కొన్నారు. సెలవు మీద నర్సీపట్నం వచ్చి, ఈ బల్ల మీదే ఇంటి బడ్జెట్ వేస్తున్నారు.

నా కూతురికి సొంత ఇల్లు కట్టుకునే దారి దేవుడు చూపించాడు. దానికి రోజూ మోకాళ్ల మీద కృతజ్ఞత చెబుతాను. అల్లుడి సంగతి వేరు.

అక్కడి పద్ధతి నాకు మొదట అర్థం కాలేదు. మన దగ్గర ఒక ఏడు పునాది వేస్తాం. చేతిలో డబ్బు ఆడినప్పుడు గోడలు లేపుతాం. పూత లేని గోడల మధ్యనే కాపురం పెట్టి, పిల్లకి పెళ్లి కుదిరాక సున్నం వేయిస్తాం. అక్కడ అలా కుదరదు. మొదటి మేకు కొట్టకముందే చివరి తాళంచెవి దాకా ఖర్చు రాసి బ్యాంకుకి ఇవ్వాలి. అదీ చెక్క ఇంటికి. గోడలు కూడా చెక్కే. మనం గొడ్లపాకకైనా రాయి పెడతాం అన్నాను. అక్కడ భూమి కదులుతుంది, చెక్క అయితే ఊగి నిలబడుతుంది అని దీనా చెప్పింది. సరే అనుకున్నాను.

వేసిన బడ్జెట్ బ్యాంకు ఇచ్చేదానికి మించిపోయింది. ఆదివారం సాయంత్రంలోగా కోసి పంపాలి. పంపకపోతే బిల్డరు ఒప్పుకున్న రేటు గడువు దాటిపోతుంది. ఆ తరవాత ఆ రేటుకి ఎవడూ కట్టడు.

కోయడానికి నేను అడ్డు రాలేదు. సగం కోతలు నేనే చెప్పాను. సంతల్లో చింతపండు కొని అమ్మినవాడిని. బుట్టలో చెయ్యి పెడితే పిక్క ఎంతో, పండు ఎంతో తెలుస్తుంది. కారు షెడ్డు చిన్నదైంది. వాకిట్లో కాంక్రీటు పోయి కంకర వచ్చింది. వంటింటి అరల రకం దిగింది. కిరణ్ బాబు వైరింగ్ అంతా తానే చేసుకుంటానన్నాడు. అప్పటిదాకా బాగానే ఉంది.

తరవాత గుమ్మం దగ్గరికి వచ్చాడు.

ఆ గుమ్మం సంగతి చెప్పాలి. మావాళ్లలో కూతురు ఇల్లు కట్టుకుంటే గుమ్మం పుట్టింటి నుంచే వెళ్లాలి. దీనా నర్సు ట్రైనింగులో చేరిన ఏడు నా భార్య కరుణకుమారి పనస చెక్క కొనిపించింది. వడ్రంగి చిట్టిరాజుని పెరట్లో కూర్చోబెట్టి గుమ్మం, తలుపులు చేయించింది. పై కమ్మీ మీద 'వందనాలు' అని చెక్కించింది. వచ్చేవాళ్లకి వందనాలా, పోయేవాళ్లకా అని అడిగాను. ఇద్దరికీ అంది. తరవాత కొన్నేళ్లకి ఆవిడ పోయింది. గుమ్మం నా చింతపండు కొట్టు వెనక గదిలో నిలబడి ఉంది. ఏటా వేపనూనె రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఆరాధనలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. నా భార్య చేయించిన గుమ్మం సముద్రం దాటి వెళ్తోంది అన్నాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది.

ఇప్పుడు బడ్జెట్‌లో ఆ గుమ్మం వరస మీద గీత పడింది.

దీనా నెమ్మదిగానే చెప్పింది. ఇంటి ప్లాను అక్కడి ఆఫీసులో పాసైపోయింది. గుమ్మం కొలత మారితే ప్లాను మళ్లీ గీయించి మళ్లీ పెట్టాలి. ఇక్కడి చెక్కకి మందు పొగ పట్టించి కాగితం తీసుకోవాలి. అంతా చేశాక రేవులో ఒక్క పురుగు కన్నం కనబడినా వెనక్కి పంపుతారు, లేదా కాల్చేస్తారు.

"పురుగేటి? నూనె రాసేవాడిని నేను," అన్నాను.

"నీకు తెలుసు, నాకు తెలుసు నాన్నా. ఆళ్లకి తెలీదు కదా."

ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. ఖర్చు ఒక్కటే అయితే తామే పెట్టుకునేవాళ్లమంది. ప్లాను వెనక్కి వెళ్తే రేటు పోతుంది, రేటు పోతే ఇల్లే పోతుంది అంది. ఆమె కళ్లు తుడుచుకోలేదు. ఏడవనూ లేదు. వాళ్లమ్మ కూడా అంతే. కష్టమైన మాట చెప్పేటప్పుడు గొంతు ఇంకా తగ్గించేది.

నేను ఒప్పుకునేవాడినేమో. కింది వరస చూడకపోతే.

కింది వరసలో, పైకప్పు ఎక్కే రోజున పనివాళ్లందరికీ భోజనం అని ఉంది. బ్యాంకు మనిషి కూడా దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. ఇది కట్టుబడి ఖర్చు కాదు, తీసేయవచ్చు అని రాశాడు. అక్కడ కూడా కప్పు ఎక్కిన రోజున ఇంటివాళ్లు పనివాళ్లకి తిండి పెట్టే అలవాటుందట. ఇష్టమైతే పెడతారు, లేకపోతే లేదు. అడిగేవాళ్లెవరూ లేరు. గుమ్మం మీద గీత గీసిన చెయ్యి దీని మీద గియ్యలేదు.

కిరణ్ బాబు చేతులకి గ్రీజుతో లోపలికి వచ్చాడు. ఇది కూడా తీసేయమన్నాను.

"అది మాత్రం తియ్యను మావయ్యగారూ."

"ఎందుకు?"

"ఉండనివ్వండి."

"ఎందుకని అడిగాను."

అతను గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అది నేను సెప్పేది కాదండి," అన్నాడు.

"ముక్కూ మొహం తెలీని తెల్లోళ్ల కడుపులు నింపడానికి డబ్బుంటాది. అత్తగారి గుమ్మానికి ఉండదు," అన్నాను.

అతను మళ్లీ పెరట్లోకి వెళ్లాడు. దీనా లాప్‌టాప్ మూసింది. ఆ రోజంతా ఇంట్లో పంపు మోటారు ఒక్కటే మాట్లాడింది.

కూలీల భోజనం అంటే నాకు ఎప్పటి నుంచో పడదు. దానికి కారణం ఉంది. ఈ ఇంటికి స్లాబు వేసిన రోజున, దీనా అప్పుడు ఉయ్యాల్లో ఉంది, పెద్దలకి, కూలీలకి కలిపి కోడికూర వండించాం. వంట దేవుళ్లు అనే అతను చేశాడు. మా సంఘం వాడే. పాస్టరు గారిని, పెద్దలను పందిట్లో కూర్చోబెట్టాను. వడ్డన చూస్తే మెడలు, వీపులు, రెక్కలు. పాస్టరు గారి ఆకులో మెడ ముక్క పడింది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని కోళ్లు కోయించాను, ఒక్క తొడ ముక్క లేదు. దేవుళ్లు ఇంటికి చేరవేశాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేయనివాడు తల వంచడు.

ఆ రోజు నుంచి దేవుళ్లుతో నాకు మాట లేదు. ప్రతి ఆదివారం ఒకే గుడిలో ఒకే వరసలో కూర్చుంటాం. వాళ్ల ఇంట్లో పెళ్లికి వెళ్లలేదు. అతని తమ్ముడి భూస్థాపనకి కూడా వెళ్లలేదు. కరుణకుమారి మాత్రం ప్రతి క్రిస్మస్‌కి వాళ్లింటికి కేకు పంపేది. ఎందుకని అడిగితే, పంపాలి అనేది. అంతకంటే ఒక్క మాట రాబట్టలేకపోయాను.

శనివారం పొద్దున రోలుగుంట నుంచి ఆటోలో కిరణ్ బాబు తల్లి గున్నమ్మ వచ్చింది. పిల్లలు వెళ్లేలోగా రెండు రోజులు ఉందామని. ఆవిడది చిన్న వయసులోనే భర్త పోయిన బతుకు. మిషన్ హాస్టల్లో ఆయాగా చేసి కొడుకుని చదివించుకుంది. నాకు తెలిసింది అంతవరకే. సంబంధం కరుణకుమారి తెచ్చింది. పిల్లవాడు మంచివాడు, తల్లి మంచిది అంది. నేను సరే అన్నాను.

గున్నమ్మ సంచిలోంచి రెండు నాటుకోళ్లు దించింది. ఒకటి అప్పయమ్మ చేతిలోంచి జారి దొడ్డంతా తిరిగింది. దాన్ని పట్టుకోవడానికి దీనా, కిరణ్ బాబు కలిసి పరిగెత్తారు. ఇంట్లో నవ్వు వినబడటం రెండు రోజుల తరవాత అదే. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు. గున్నమ్మ ఒక్కొక్కరినీ చూసింది.

"ఏటి, ఉప్పు ఎక్కువైనాదా?" అంది.

"ఉప్పు సరిపోయిందండీ. మనుసులకే ఎక్కువైనాది," అని అప్పయమ్మ వంటింట్లోంచి అంది.

అప్పుడు నేనే చెప్పాను. దాచాల్సిన పని నాకు లేదు. మీ అబ్బాయి గుమ్మం తీసేసి కూలీల భోజనం ఉంచాడమ్మా, ఎందుకని అడిగితే చెప్పడు అన్నాను.

గున్నమ్మ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది.

"అమ్మా, వొద్దు," అన్నాడు కిరణ్ బాబు.

"ఎందుకు వొద్దురా? ఆ మారాజు తల్లి ఉన్నంతకాలం మాట నిలబెట్టినాను. ఆవిడే ఎలిపోనాది. ఇంకెవురి కోసం?" అంది. తరవాత నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఈ ఇంటి స్లాబు నాడు తట్టలు మోసిన ఆడకూలీల్లో నేనున్నాను."

నాకు తెలియదు.

స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర నీరు దిగుతుంది. అందుకే కూలీలు తిండి లేకుండా చివరి తట్ట దాకా మోస్తారు. ఆ రోజు వాన వచ్చేలా ఉందని మేస్త్రీ ఇంకా తొందర పెట్టాడు. ఇదంతా నాకు గుర్తుంది. ఆ తరవాతది గున్నమ్మ చెప్పింది.

పిల్లవాడిని ఇసక కుప్ప మీద కూర్చోబెట్టి తట్టలు మోసిందట. వాడు ఏడ్చి ఏడ్చి ఇసకలోనే నిద్రపోయాడు. మా ఇంటావిడ వాడిని ఎత్తుకెళ్లి దీనా ఉయ్యాల పక్కన పడుకోబెట్టింది. పని అయ్యాక కూలీలు ఎప్పటిలాగే గోడ వారగా గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దల భోజనం అయ్యాక మిగిలినది వాళ్లకి పెడతారు. ఎక్కడైనా అంతే.

"ఆవిడ ఒచ్చి ఆ గిన్నెలు లాగేసినాదండి. సాప ఏసి, ఆకులు ఏసి, కూకోమన్నాది. మా ఒల్లంతా సిమెంటు. సాప పాడైపోతాదమ్మా అంటే, కడిగితే పోతాది అన్నాది. దేవుళ్లు గారిని పిలిసి, కుండలో ఉన్న తొడ ముక్కలన్నీ ముందు ఈలకి ఎయ్యి అన్నాది. ఆయన బయపడ్డాడు. పెద్దలకేటి ఎయ్యనమ్మా అన్నాడు. పెద్దలు రోజూ తింతారు, ఈలు పొద్దున్నించి ఏటీ తిన్లేదు అన్నాది."

గున్నమ్మ ఆకులో ముక్క పక్కకి జరిపింది.

"నాకు అంతవరకూ కోడి అంటే మెడే అన్నయ్యగారూ. దానికి కాళ్లుంటాయని ఆ రోజే తెలిసినాది," అని గున్నమ్మ నవ్వింది. నవ్వి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎలిపోయేటప్పుడు వాకిట్లో నిలబడి ఒక్కొక్కరికీ రెండు సేతులూ ఎత్తి వందనాలు అన్నాది. నాకూ అన్నాది. కూలికి డబ్బులిచ్చినోలు ఉన్నారు. సేతులెత్తినోలు నేరు. ఎనక్కి తిరిగి సూసినాను, నా ఎనకాల ఎవురన్నా పెద్దోలు ఉన్నారేమో అని."

దీనా వాళ్లత్తగారి చెయ్యి పట్టుకుంది. ఎంగిలి చెయ్యే పట్టుకుంది.

కిరణ్ బాబు తల ఎత్తకుండా అన్నాడు. "మా అమ్మ ఆ ముక్క సగం తిని, సగం ఆకులో కట్టి నాకు తెచ్చిందట మావయ్యగారూ. నేను ఇల్లు కట్టుకుంటే మొదట ఏటి సెయ్యాలో నాకు అప్పటి నుంచి సెప్తానే ఉంది."

నేను ఒకటే అడిగాను. సంబంధం కుదిరినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని.

గున్నమ్మ మజ్జిగ గ్లాసు అటు జరిపింది, ఇటు జరిపింది.

"నిశ్చితార్థం నాడు నేను గుర్తుపట్టి ఆవిడకి సెప్పినాను. ఆవిడ నన్ను కౌగిలించుకున్నాది. ఆయనకి మాత్రం సెప్పకండి అన్నాది."

"ఎందుకట?"

"నేను అడగనేదు అన్నయ్యగారూ. మీకు తెలుసనుకున్నాను."

నేను చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్లాను.

కొట్టు వెనక గదిలో చింతపండు వాసన. గుమ్మం గోడకి ఆని ఉంది. చిట్టిరాజు చెక్కిన అక్షరాల్లో నూనె నల్లగా ఇంకి ఉంది. చాలాసేపు దాని ఎదురుగా మూట మీద కూర్చున్నాను. నాతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఒక కూలీ మనిషికి ఏం పెట్టిందో నాకు చెప్పలేకపోయింది. ఆ ముక్కలు దేవుళ్లు తీయలేదని చెప్పలేకపోయింది. కేకులు పంపింది. నన్ను అలాంటివాడిననుకుంది. ఎందుకనుకుందో అడగడానికి మనిషి లేదు.

కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది. దాని పక్కనే ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంది. నా ఇంటి కప్పు కింద నుంచి ఆ రోజు ఎవరూ ఆకలితో వెళ్లలేదు. అది నేను చేసింది కాదు. నాకు ఊరికే దొరికింది. ఆ కప్పు ఇన్ని తుపానులకి ఒక్క చుక్క కారలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దీనా, కిరణ్ బాబు బల్ల దగ్గరే ఉన్నారు. లాప్‌టాప్ తెరిచి ఉంది. నేను కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాను. గుమ్మం వరస ఏది అని అడిగాను. దీనా చూపించింది. దాని మీద గీత అలాగే ఉంది.

"గీతేటి, మొత్తం తీసీండి. బ్యాంకువాడు చూస్తే మళ్లీ అడుగుతాడు," అన్నాను.

దీనా నా మొహం చూసింది. తీసేసింది. ఆ వరస ఉన్న చోట కింది వరస పైకి జరిగింది.

"అక్కడ కోళ్లు దొరుకుతాయా?" అని అడిగాను.

"దొరుకుతాయండి. ముక్కలు వేరువేరుగా అమ్ముతారు," అన్నాడు కిరణ్ బాబు.

"అయితే మెడలు కొనకు."

అతను తల ఊపాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. నేను వంటింట్లోకి కేకేసి కాఫీ అడిగాను. ఈ పూటదేనా, నిన్నటిది వెచ్చబెట్టనా అని అప్పయమ్మ అడిగింది.

బడ్జెట్ ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. బ్యాంకు ఏమంటుందో తెలియదు. పడుకోబోయే ముందు దీనా నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. గుమ్మాన్ని ఏం చేస్తావని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇంకొకటి అడగబోయింది.

"నాన్నా, అమ్మ నీకు ఎందుకు సెప్పొద్దందో..."

"దీపం ఆర్పమ్మా," అన్నాను.

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు నా వైపు చూశారు. గుమ్మం ఎప్పుడు బయలుదేరుతోంది జీవరాజు గారూ అని అందరి ముందూ అడిగారు. నేను లేచాను. గుమ్మం వెళ్లడం లేదన్నాను. దేవునికి కృతజ్ఞతలు అన్నాను. కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు నుంచి గున్నమ్మ ఒక్కతే ఆమెన్ అంది.

ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. దేవుళ్లు గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ముసలివాడైపోయాడు. ఎప్పటిలాగే నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. నేను దారి ఇవ్వలేదు. ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తాను.

"వందనాలు," అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు.

"ఏటి జీవరాజు గారూ, ఇన్నాళ్లకి?" అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగాడు. "అమ్మగారు సెప్పిందా?"

అమ్మగారు చెప్పలేదు. ఎవరికి చెప్పినా నాకు చెప్పలేదు. దేవుళ్లు ఇంకా నా చేతులు పట్టుకునే ఉన్నాడు. అతనికి తెలుసు. ఆవిడ నన్ను ఏమనుకుందో, ఎందుకు దాచిందో, ఈ ఊళ్లో తెలిసినవాడు అతనొక్కడే. చెప్పడానికి నోరు తెరిచాడు.

"వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా," అన్నాను. "ఆ సంగతి మాత్రం ఎత్తకు. నేనూ ఎత్తను. ఈ రోజూ కాదు, ఇంకెప్పుడూ కాదు."